ఊరి రంగు కన్నా ఓటరు జాబితా ముఖ్యం
(అమెరికాలోని ఒక చిన్న ఊరి ఓటింగు తీరుపై, మైనారిటీ కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2025 నవంబరు 4న అమెరికాలో జరిగిన ఎన్నికల ఫలితాలు వెలువడినప్పుడు మన ఇళ్లలో ఎంత సంతోషం కలిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. మన హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. అదే రోజు జోహ్రాన్ మమ్దానీ న్యూయార్క్ నగర మేయరుగా గెలిచారు. ఆ సంతోషంలో మేమూ పాలుపంచుకున్నాం. అయితే ఈనాడు మేము ఆ గెలుపుల గురించి మాట్లాడదలచుకోలేదు. ముస్లిములు తమ ఓట్లతో తాము ఎవరినీ గెలిపించుకోలేనంత తక్కువ సంఖ్యలో ఉన్న ఒక మారుమూల ఊరి గురించి మాట్లాడదలచుకున్నాం. ఎందుకంటే మనలో ఎక్కువమందిమి బతుకుతున్నది అటువంటి ఊళ్లలోనే. మండల కేంద్రంలో నూరు గడపలు, పల్లెలో పది గడపలు, ఇదీ మన లెక్క. పెద్ద నగరాల కథలు మనకు ఉత్సాహాన్నిస్తాయి. చిన్న ఊళ్ల కథలు మాత్రం మన బతుకుకు పనికివస్తాయి.

మా పెద్దమ్మాయి కుటుంబం కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా నగరంలో ఉంటుంది. పదవీ విరమణ తరువాత వారి దగ్గర కొంతకాలం గడిపినప్పుడు, మా అల్లుడు ఒకరోజు మమ్మల్ని కారులో పడమటి దిక్కుగా తీసుకువెళ్లాడు. కనుచూపు మేర గోధుమ పొలాలు, ధాన్యం నిల్వచేసే తెల్లని పెద్ద గాదెలు, వాటి మధ్య వేల పశువులను అమ్మకానికి మేపే దొడ్లు. డాడ్జ్ సిటీ దాటి ఇంకా ముందుకు పోతే గార్డెన్ సిటీ వచ్చింది. జనాభా సుమారు 28 వేలు. ఫిన్నీ కౌంటీకి, అంటే మన జిల్లా వంటి దానికి, అది ముఖ్యపట్టణం.

ఊరు, దాని కూలి

ఈ ఊరి రాజకీయం అర్థం కావాలంటే ముందు దాని కూలి సంగతి తెలియాలి. 1980లో పక్కనే ఉన్న హాల్కంబ్ వద్ద చాలా పెద్ద పశుమాంస కర్మాగారం మొదలైంది. 2001లో అది టైసన్ కంపెనీ చేతికి వచ్చింది. కత్తి పట్టుకుని, చలిగదిలో, గంటల తరబడి నిలబడి చేసే పని అది. స్థానికులతో ఆ పని సాగలేదు. మొదట వియత్నాం నుంచి శరణార్థులు వచ్చారు. మెక్సికో నుంచి, మధ్య అమెరికా దేశాల నుంచి కుటుంబాలు వచ్చాయి. ఆ తరువాత సోమాలియా అంతర్యుద్ధం నుంచి తప్పించుకున్న ముస్లిములు, బర్మా శరణార్థులు వచ్చారు. ఈనాడు ఫిన్నీ కౌంటీ జనాభాలో దాదాపు సగం మంది స్పానిష్ మూలాల వారే. సోమాలీలు కొన్ని వందల మంది. కర్మాగారం, పాఠశాలలు, దుకాణాలు, అద్దె ఇళ్లు అన్నీ ఈ వలస వచ్చినవారి మీదే నడుస్తున్నాయి.

మరి ఓట్ల సంగతి ఏమిటి? 2016లోనూ, 2020లోనూ ఆ కౌంటీలో పోలైన ఓట్లలో పదింట ఆరుకు పైగా డోనాల్డ్ ట్రంప్‌కే పడ్డాయి. వలసలను కట్టడి చేస్తానన్న నాయకుడికి, వలసల మీద బతికే ఊరు అంత గట్టిగా ఓటు వేసింది. మొదట విన్నప్పుడు మేమూ ఆశ్చర్యపోయాం. లెక్క విప్పి చూస్తే ఆశ్చర్యం తగ్గింది. కౌంటీ మొత్తం జనాభా సుమారు 38 వేలు. అధ్యక్ష ఎన్నికలో పోలయ్యే ఓట్లు అందులో మూడో వంతుకు మించడం లేదు. కొందరు పిల్లలు. కొందరికి పౌరసత్వం ఇంకా రాలేదు. పౌరసత్వం ఉన్నా పేరు నమోదు చేసుకోనివారు కొందరు. నమోదైనా పోలింగు రోజు షిఫ్టు వదలలేనివారు మరికొందరు. కర్మాగారంలో కనిపించే ఊరు వేరు, బ్యాలెట్ పెట్టెలో కనిపించే ఊరు వేరు. ఓటింగు తీరు అని మనం పిలిచేది ఊరి మనసు కాదు; ఊరిలో ఓటు వేయగలిగిన వారి మనసు మాత్రమే.

రంగు వెనుక చరిత్ర

అమెరికాలో రిపబ్లికన్ పార్టీని ఎరుపు రంగుతో, డెమోక్రటిక్ పార్టీని నీలం రంగుతో గుర్తిస్తారు. కాన్సాస్ ఎర్ర రాష్ట్రం. 1964లో లిండన్ జాన్సన్ తరువాత ఏ డెమోక్రాటూ అధ్యక్ష ఎన్నికలో అక్కడ గెలవలేదు. సెనేటుకు డెమోక్రాటును పంపింది చివరిసారిగా 1932లో. అయితే ఈ రంగు ద్వేషంతో మొదలైనది కాదన్నది మనం గుర్తుంచుకోవాలి. బానిసత్వాన్ని అనుమతించబోమని పోరాడి, 1861లో స్వేచ్ఛా రాష్ట్రంగా అమెరికా సమాఖ్యలో చేరింది కాన్సాస్. లింకన్ పార్టీ కనుక అది వారి పార్టీ అయింది. 1890లలో అప్పుల్లో మునిగిన రైతులు రైలు కంపెనీల మీద, బ్యాంకుల మీద తిరగబడి పాపులిస్టు పార్టీని అక్కడ అధికారంలోకి తెచ్చారు. 1936లో సాక్షాత్తు తమ గవర్నరు ఆల్ఫ్ లాండన్ రిపబ్లికన్ అభ్యర్థిగా నిలబడితే, ఆయనను కాదని రూజ్‌వెల్ట్‌కు ఓటు వేశారు. అంటే ఆ రంగు పుట్టుమచ్చ కాదు.

ఇటీవలి కాలంలో చర్చి, గర్భస్రావం, తుపాకీ హక్కు, పెద్ద నగరాల మీద కినుక, ఇవి ఆ రంగును చిక్కబరిచాయి. అయినా ఆ రంగు అన్ని వేళలా ఒకే తీరున పనిచేయదు. 2018లో గవర్నరు పదవికి వలసల వ్యతిరేకతతో పేరు పొందిన క్రిస్ కోబాక్ రిపబ్లికన్ అభ్యర్థిగా పోటీ చేస్తే, రాష్ట్ర ప్రజలు డెమోక్రాటు లారా కెల్లీని ఎన్నుకున్నారు. 2022లో మళ్లీ ఆమెనే గెలిపించారు. పార్టీ పేరు చూసి వేసే ఓటు ఒకటి, మనిషిని చూసి వేసే ఓటు ఇంకొకటి.

ఇంకొక ఉదాహరణ చెబుతాం. గార్డెన్ సిటీ ఉన్న పార్లమెంటు నియోజకవర్గం రాష్ట్రంలో సగానికి పైగా విస్తరించిన వ్యవసాయ ప్రాంతం. అక్కడి ప్రతినిధి టిమ్ హ్యూల్స్‌కాంప్ సొంత పార్టీ నాయకత్వంతోనే తగవు పెట్టుకోగా, 2012లో ఆయనను వ్యవసాయ కమిటీ నుంచి తొలగించారు. తమ మాట చెప్పే మనిషి ఆ కమిటీలో లేకుండా పోయాడని రైతు సంఘాలు కోపగించాయి. 2016 ఆగస్టులో జరిగిన రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, రైతులు ఆయనను ఓడించి రోజర్ మార్షల్‌ను తెచ్చుకున్నారు. ఒకే పార్టీ గెలిచే చోట అసలు తీర్పు నవంబరులో కాదు, ఆగస్టులోనే జరిగిపోతుంది. నవంబరులో మాత్రమే మేల్కొనేవారికి అక్కడ మిగిలేది సంతకమే, నిర్ణయం కాదు.

2016 అక్టోబరు

ఇప్పుడు మన మనసును కలవరపెట్టే సంగతికి వస్తాం. 2016 అక్టోబరు 14న ముగ్గురు స్థానిక శ్వేతజాతీయులను పోలీసులు అరెస్టు చేశారు. వారు తమను తాము 'క్రూసేడర్లు' అని పిలుచుకున్నారు. గార్డెన్ సిటీలో సోమాలీ ముస్లిములు నివసించే, నమాజు చేసుకునే అపార్టుమెంట్ల సముదాయం నాలుగు మూలల్లో పేలుడు పదార్థాలు నింపిన వాహనాలు నిలిపి పేల్చివేయాలన్నది వారి పన్నాగం. ముహూర్తం, అధ్యక్ష ఎన్నిక ముగిసిన మరునాడు.

ఆ పన్నాగం ఎలా బయటపడింది? ఆ దళాలలోనే తిరిగే ఒక స్థానికుడు, అదే నేల మీద పుట్టి పెరిగిన శ్వేతజాతీయుడు, వారి మాటలు విని సహించలేక ఎఫ్‌బీఐకి తెలియజేశాడు. నెలల తరబడి ప్రాణాలకు తెగించి వారి మధ్యనే ఉంటూ మాటలు రికార్డు చేశాడు. అరెస్టుల తరువాత ఊరి పోలీసు అధిపతి స్వయంగా సోమాలీల దగ్గరకు వెళ్లి ధైర్యం చెప్పారు.

తరువాత విచిటాలోని ఫెడరల్ కోర్టులో విచారణ. ఇక్కడొక వింత వాదన వినిపించింది. పడమటి కాన్సాస్ పల్లెల వారిని కూడా జ్యూరీలోకి తీసుకోవాలని, అక్కడివారు ఎక్కువగా ట్రంప్‌కు ఓటు వేసినవారని, వారు లేకుండా తమకు న్యాయం జరగదని ముద్దాయిల న్యాయవాదులు కోరారు. ఒక ప్రాంతం ఎవరికి ఓటు వేసిందో చూసి, ఆ ప్రాంతం ముస్లిముల హత్యకు పూనుకున్నవారిని క్షమిస్తుందని లెక్కవేశారన్నమాట! రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ బుష్ నియమించిన న్యాయమూర్తి ఆ కోరికను తోసిపుచ్చారు. విచిటా ఉన్న కౌంటీ కూడా 2016లో ట్రంప్‌నే గెలిపించిందన్న సంగతి మరువరాదు. అటువంటి చోట కూర్చున్న జ్యూరీ 2018 ఏప్రిల్‌లో ముగ్గురినీ ఏకగ్రీవంగా దోషులని తేల్చింది. 2019 జనవరిలో ఒకరికి 30, ఒకరికి 26, ఒకరికి 25 ఏళ్ల జైలు శిక్ష పడింది.

సోదరులారా, ఈ సంఘటన నుంచి రెండు తప్పుడు పాఠాలు నేర్చుకునే ప్రమాదం ఉంది. ఆ ఊరి వారంతా మనకు శత్రువులే అనుకోవడం మొదటిది. పన్నాగాన్ని బయటపెట్టిన మనిషి, తీర్పు చెప్పిన జ్యూరీ దాన్ని అబద్ధం చేశారు. చివరికి న్యాయం జరిగింది కాబట్టి మనకు భయం లేదనుకోవడం రెండవది. ఒక్క మనిషి మనస్సాక్షి ఆ రోజు నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మన భద్రత ఒక పొరుగువాడి మంచితనం మీద ఆధారపడి ఉంటే ఆయనకు కృతజ్ఞులమై ఉండాలి. కానీ అక్కడితో ఆగిపోకూడదు.

కాగితమనే గోడ

ఆగిపోకూడదంటే ఏం చేయాలి? పౌరుడు కావాలి, నమోదు కావాలి. ఆ దారిలో కాన్సాస్ పెట్టిన అడ్డంకి గురించి వినండి. 2011లో కోబాక్ చొరవతో వచ్చిన చట్టం ప్రకారం, 2013 నుంచి కొత్తగా ఓటరుగా నమోదయ్యే ప్రతివారూ పౌరసత్వాన్ని రుజువు చేసే పత్రం చూపాలి. జన్మ ధ్రువపత్రమో, పాస్‌పోర్టో కావాలి. పౌరులు కానివారు దొంగ ఓట్లు వేస్తున్నారన్నది చెప్పిన కారణం. ఫలితం ఏమిటి? 30 వేలకు పైగా దరఖాస్తులు నిలిచిపోవడమో, రద్దు కావడమో జరిగింది. వారిలో అత్యధికులు నిజమైన అమెరికా పౌరులు, కాగితం వెతుక్కోలేనివారు. కోర్టులో లెక్క తేల్చగా, 1999 నుంచి 2012 వరకు ఓటర్లుగా నమోదైన పౌరులు కానివారు 39 మంది!

2018 జూన్‌లో న్యాయమూర్తి జూలీ రాబిన్సన్ ఆ నిబంధనను కొట్టివేశారు. ఆమెను నియమించినది కూడా రిపబ్లికన్ అధ్యక్షుడే. స్వయంగా వాదించిన కోబాక్ విధివిధానాలు పాటించనందుకు ఆరు గంటల న్యాయవిద్యా తరగతులకు హాజరు కావాలని కూడా ఆమె ఆదేశించారు. 2020లో అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. గెలిచారు, నిజమే. కానీ చట్టం అమలులో ఉన్న ఆ అయిదేళ్లలో జరిగిన ఎన్నికలను ఎవరు తిరిగి తెస్తారు?

గార్డెన్ సిటీకి పొరుగున ఉన్న డాడ్జ్ సిటీలో అడ్డంకి మరొక రూపంలో వచ్చింది. అక్కడ జనాభాలో అయిదింట మూడు వంతులు స్పానిష్ మూలాల వారు. సుమారు 13 వేల మంది ఓటర్లకు ఉన్నది ఒకే ఒక పోలింగు కేంద్రం. 2018లో నిర్మాణ పనుల కారణం చెప్పి దాన్ని ఊరి సరిహద్దు బయటికి మార్చారు. దగ్గరలో బస్సు ఆగదు. కారు లేనివాడు, షిఫ్టు మధ్యలో గంట సెలవు దొరికినవాడు అక్కడికి పోయి రాగలడా? పైగా కొత్త ఓటర్లకు పంపిన ఉత్తరాలలో పాత కేంద్రం చిరునామాయే ఉంది. పౌరహక్కుల సంఘం దావా వేసింది. ఎన్నిక దగ్గర పడిందని కోర్టు వెంటనే ఊరట ఇవ్వలేదు. అయితే సంఘాల పట్టుదల వృథా పోలేదు. 2019లో ఊళ్లో రెండు కేంద్రాలు ఏర్పాటు చేయడానికి అధికారులు అంగీకరించారు. ఎవరి ఓటునూ రద్దు చేయనక్కరలేదు. పెట్టెను కొంచెం దూరం జరిపితే చాలు. దీన్ని గుర్తుపట్టడానికి కళ్లు తెరుచుకుని ఉండాలి.

ఒక పెద్దాయన, ఆయన కూతురు

గార్డెన్ సిటీలో ఒక చిన్న కిరాణా దుకాణంలో ఒక సోమాలీ పెద్దాయనతో సలాములు కలిశాయి. మా అల్లుడి సాయంతో కాసేపు మాట్లాడుకున్నాం. కర్మాగారంలో చేసిన పని వల్ల ఆయన చేతివేళ్లు పూర్తిగా ముడుచుకోవు. అయిదేళ్ల నివాసం ఎప్పుడో పూర్తయినా, పౌరసత్వ పరీక్షలోని ఇంగ్లీషుకు భయపడి ఆయన దరఖాస్తు చేయలేదు. కూతురు మాత్రం చదువుకుని పౌరురాలై, ఓటరుగా నమోదైంది. అధ్యక్ష ఎన్నిక కంటే నగర కమిషను ఎన్నిక మీదే ఆమెకు శ్రద్ధ ఎక్కువట. కారణం అడిగాం. అధ్యక్షుడి విషయంలో కాన్సాస్‌కు ఉన్న ఆరు ఎలక్టొరల్ ఓట్లూ గెలిచిన పార్టీకే పోతాయి, అది ఎవరో ముందే తెలుసు; వీధి దీపం, ఇంటి అద్దె, పోలీసుల తీరు తేలేది మాత్రం ఊళ్లోనేనని ఆమె తండ్రికి చెప్పిందట. కాన్సాస్‌లో స్థానిక ఎన్నికలు బేసి సంవత్సరాలలో, పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. ఓటు వేసేవారు తక్కువ కనుక అక్కడ నూరు ఓట్లకు బరువుంటుంది. అయిదుగురు సభ్యుల కమిషనులో కూర్చున్నవారు ఆ నూరు మంది గడపలు తొక్కక తప్పదు.

పెద్దాయన చివరన ఒక మాట అన్నారు. తన పేరు ఇంకా ఏ జాబితాలోనూ లేదని, అది తన తప్పేనని. ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ వెంటాడుతోంది.

మేము వెనక్కి పంపిన ఓటరు

ఎందుకు వెంటాడుతోందో చెప్పి ముగిస్తాం. గుమాస్తాగా పనిచేసిన కాలంలో అనేక ఎన్నికలలో పోలింగు విధులు నిర్వర్తించాం. ఒకసారి ఒక వృద్ధురాలు తెల్లవారకముందే వచ్చి వరుసలో మొదట నిలబడింది. చేతిలో గుర్తింపు కార్డు ఉంది. జాబితాలో పేరు లేదు. ఎడమ పక్కింటి వారిది ఉంది, కుడి పక్కింటి వారిది ఉంది, ఆమెది లేదు. ప్రతి ఎన్నికలోనూ ఓటు వేశానని ఆమె మొత్తుకుంది. నిజమే చెబుతోందని మాకు తెలుసు. అయినా నిబంధన ప్రకారం వెనక్కి పంపాం. అమెరికాలో పేరు దొరకనివారు కూడా తాత్కాలిక బ్యాలెట్ వేసి, తరువాత రుజువు చేసుకునే వీలు 2002 నాటి చట్టంలో ఉంది. మన దగ్గర ఆ వీలు లేదు. కార్డు ఉంటే చాలదు. జాబితాలో పేరు ఉండాలి. ఆ తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయిన దృశ్యం మా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మేము మరువలేనిది.

కాబట్టి మన కుటుంబాలకు మా విన్నపం ఇది. ఎన్నికల ప్రకటన వచ్చాక కాదు, ఈ నెలలోనే ఇంటిల్లిపాది పేర్లు ఓటరు జాబితాలో చూసుకోండి. పేరు లేకపోతే ఫారం 6, తప్పు ఉన్నా ఇల్లు మారినా ఫారం 8. మన పేర్లలో షేక్, సయ్యద్, బేగం, బీ ఒకచోట ముందు, ఒకచోట వెనుక రాయడం వల్ల తేడాలు వస్తున్నాయి. ఆధార్‌లో, జాబితాలో ఒకే తీరున ఉండేలా చూసుకోండి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలలో దేనికైనా 18 నిండేవారు నమోదు కావచ్చు. 17 నిండిన పిల్లల చేత ముందుగానే దరఖాస్తు చేయించవచ్చు. పెళ్లయి వచ్చిన కోడళ్ల పేర్లు పుట్టింట్లోనూ లేక, అత్తింట్లోనూ లేక జారిపోతున్నాయి. ముందు వారి పేర్లు చూడండి. ఎవరైనా మీ పేరు తొలగించమని ఫారం 7 పెడితే మీకు నోటీసు రావాలి. నోటీసు వస్తే దాచిపెట్టకండి, గడువులోగా విచారణకు వెళ్లండి. పోలింగు కేంద్రం మారిందేమో ముందే తెలుసుకోండి. ఇక పంచాయతీ ఎన్నికను చిన్నదిగా చూడకండి. పది గడపల ఓటు పార్లమెంటు ఎన్నికలో కనిపించదు, వార్డులో కనిపిస్తుంది.

చదువుకున్న యువకులకు ఇంకొక మాట. శుక్రవారం నమాజు తరువాత ఒక గంట, మసీదు బయట ఒక బల్ల వేసుకుని, జాబితా ముందు పెట్టుకుని కూర్చోండి. వచ్చినవారు ఎవరికి ఓటు వేస్తారని అడగకండి, అది వారి ఇష్టం. మన వీధిలోని దళిత సోదరుడు, వడ్డెర కూలీ వచ్చినా అదే శ్రద్ధతో పేరు వెతికి పెట్టండి. ఆ పొరుగువారే రేపు మన కోసం నిలబడేవారు. గార్డెన్ సిటీ సోమాలీలను కాపాడినది కూడా ఒక పొరుగువాడే కదా!

ఊరి రంగును మనం మార్చలేకపోవచ్చు. అది మన చేతిలో లేదు, బహుశా మన పని కూడా కాదు. ఏ రంగు వాడు గెలిచినా మన గడప ముందు ఆగి మాట్లాడవలసిన అవసరాన్ని కల్పించడం మాత్రం మన చేతిలో ఉంది. దానికి జాబితాలో పేరు కావాలి. ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే మీ అమ్మగారి పేరుతో మొదలుపెట్టి చూడండి.